వంశపు కోపం

ఆ వీధిలో దర్జీ అమ్మ ఇల్లెక్కడంటే ఎవరూ చెప్పలేరు, టపాకాయ ఇల్లంటే మాత్రం చెయ్యి పట్టుకుని తీసుకెళ్తారు. డెబ్బై దాటినా ఆవిడ మిషను వదల్లేదు. బల్ల మీదికి వంగి గుడ్డ కత్తిరిస్తూ ఉన్నట్టుండి పాలిపోయేది. ఒళ్ళంతా చెమటలు, చేతుల్లో వణుకు, గుండె దడ, తల పగిలిపోయేంత నొప్పి. నోట మాట పెగిలేది కాదు. చూసినవాళ్ళు "అమ్మో, పేలబోతోంది" అని కొలతలు కూడా ఇవ్వకుండా జారుకునేవారు.

ఖర్మ కాకపోతే, ఆ సమయంలో ఆవిడకి ఎవరి మీదా కోపం ఉండేది కాదు! ఆ ముక్క చెప్పబోతే కోడలు మంచినీళ్ళు చేతికిచ్చి "సరేలెండి అత్తయ్యా, మీరన్నట్టే చేద్దాం" అనేది. ఏమన్నదని? ముందుగదికి పచ్చరంగు వేయిద్దామని అందరూ మాట్లాడుకుంటుండగా ఒకసారి ఆవిడకి చెమట పట్టింది. అంతే, మర్నాటికల్లా గోడలకి నీలం రంగు. ఆవిడకి పచ్చే ఇష్టం.

పైగా అదేదో ఘనకార్యమైనట్టు, "మా తాతకీ ఇంతే, మావయ్యకీ ఇంతే. వంశపు కోపం!" అని కొడుకు మీసం దువ్వేవాడు. బస్సు డిపోలో మెకానిక్కు. ఈమధ్య అతనికీ చెమటలూ తలనొప్పులూ మొదలైతే, అచ్చం అమ్మ పోలికేనని మురిసిపోయాడు. ఆ మావయ్య, అంటే ఆవిడ అన్నయ్య, చిన్న ఆపరేషన్‌కని బల్లెక్కి మళ్ళీ దిగలేదు. డాక్టరు మీద కోపం తెచ్చుకుని పోయాడని చుట్టాలు తేల్చారు. మత్తులో ఉన్న మనిషికి కోపమేమిటని అడిగిన నాథుడు లేడు.

చివరికి కంటి పరీక్షకి వెళ్ళినచోట బయటపడింది. చెప్పులు తీయడానికి వంగిందో లేదో, మొదలైంది. నర్సు బీపీ చూసి, నమ్మలేక రెండో చేతికి కూడా పట్టీ చుట్టింది. అక్కణ్ణించి స్కానింగులూ రక్తపరీక్షలూ అయ్యాక పెద్ద డాక్టరమ్మ విడమరచి చెప్పింది. "మూత్రపిండం పైన అడ్రినల్ అని చిన్న గ్రంథి ఉంటుందమ్మా. అందులో మీకు గడ్డ ఉంది. అది ఉండుండి బీపీని పెంచేస్తోంది. మీది వంశంలో వచ్చే రకం. మీ అబ్బాయికీ ఉండే అవకాశం సగానికి సగం. అది తెలియకుండా మత్తిస్తే ప్రాణం మీదికొస్తుంది."

కొడుక్కి హెర్నియా ఆపరేషన్ చేయాలని అప్పటికే చెప్పి ఉన్నారు. ఆవిడకి బల్లెక్కి దిగని అన్నయ్య గుర్తొచ్చాడు.

గడ్డ కోసి తీసేయాలనగానే ఇక ఇంట్లో సలహాలు! ఈ వయసులో కోతలెందుకని చుట్టాలు. వయసొక్కటే చూడకూడదు, గుండె తట్టుకుంటుందని డాక్టరమ్మ. ముందు కొన్ని వారాలు బీపీ దించే మాత్రలు. అవి వేసుకుంటే లేచి నిలబడగానే కళ్ళు తిరుగుడు. అందరికన్నా పెద్ద గొంతు కొడుకుది. "మాత్ర వేసుకున్నావా? నీళ్ళు తాగావా? గబుక్కున లేవకమ్మా!" అతనికీ అదుందేమో తేల్చే రక్తపరీక్ష మాటెత్తితే మాత్రం "ముందు నీ ఆపరేషన్ కానీ". ఆవిడది అయింది. "కాస్త కోలుకో". కోలుకుంది. "డిపోలో సెలవివ్వడం లేదు". ఏం చెప్పి చావాలి ఇలాంటి మనిషికి!

గడ్డ తీశాక ఆవిడకి మళ్ళీ ఆ చెమటలు రాలేదు. ఏటా పరీక్షకి రమ్మన్నారు, వెళ్తానంది. మిషను ముందు కూర్చుని కాజాలు కుడుతుంటే కొడుకు వచ్చాడు.

"గురువారం నా ఆపరేషనమ్మా. పొద్దున్నే చేరాలి."

"రక్తం ఇచ్చావా?"

"అదెక్కడికి పోతుంది? ఇదయ్యాక తీరిగ్గా ఇస్తాలే."

"నోర్ముయ్!"

కోడలు వంటగదిలోంచి పరుగెత్తుకొచ్చింది. "అయ్యో, గడ్డ తీసేస్తే కోపం పోతుందన్నారుగా!"

"పోయింది గడ్డే! ఇన్నాళ్ళూ మీరు చూసింది దాన్ని. ఇదీ నా కోపం, కళ్ళు తెరిచి చూడండి!" ముఖం ఎర్రబడింది గానీ చెయ్యి వణకలేదు. "మా అన్నయ్యని ఇలాగే పంపించాం. నిన్ను కూడా పంపించి, వంశపు కోపమని చెప్పుకుంటూ బతకనా? ఆ డాక్టరుకి ఫోన్ చెయ్యి. ఫలితం వచ్చేదాకా ఆపరేషన్ లేదని చెప్పు."

కొడుకు తల దించుకున్నాడు. జేబులోంచి ఫోన్ తీశాడు గానీ నొక్కలేదు. "ఉందని తేలితే?"

అదా సంగతి! సెలవూ కాదు, తీరికా కాదు. ఆవిడ కోపం సగం దిగిపోయింది.

"ఉంటే నాలాగే మాత్రలు మింగుతావు, బల్లెక్కుతావు, దిగొస్తావు. మా అన్నయ్యకి చెప్పేవాళ్ళు లేకపోయారురా. నీకు నేనున్నాను."

అతను ఫోన్ చేసి, రక్తం ఇచ్చి రావడానికి చెప్పులు వేసుకున్నాడు. ఆవిడ కూడా వేసుకుంది. దారిలో ఏ మూలనో వెనక్కి తిరిగే రకం, ఒంటరిగా పంపితే ఒట్టు.