అత్త పాపిడి

నా చిన్నప్పుడు మా ఉద్దానంలో జీడిపండు ఎర్రబడిందంటే పిల్లల్ని తోటల వైపు పోనిచ్చేవారు కాదు. ఆ పండు కోసం ఎలుగుబంట్లు వచ్చేవి. మాకేమో పండు కన్నా దాని కింద వేలాడే పిక్క మీదే ఆశ. గుప్పెడు పిక్కలిస్తే, సైకిలు మీద వచ్చే ఐసు అతను ఒక పుల్లైసు చేతిలో పెట్టేవాడు. తోట షావుకారిది. అందులో పిక్క ఏరితే దొంగతనమే.

నాకప్పుడు తొమ్మిదేళ్లుంటాయి. ఒక పొద్దున్న ఎవరికీ చెప్పకుండా తోటలోకి వెళ్లి పావడా ఒడి నిండా పిక్కలు ఏరుకున్నాను. ఇంట్లో కనబడకపోయేసరికి మా అత్త నన్ను వెతుక్కుంటూ వచ్చింది. అత్తంటే మా నాన్న చెల్లెలు. మావయ్య పోయాక మా ఇంట్లోనే ఉండేది. నన్ను చూసి తిట్టబోయి ఆగిపోయింది. నా వెనక పొదలోంచి పిల్లనేసుకున్న ఎలుగు లేచింది. అత్త నన్ను ఒక్క తోపు తోసి "పరిగెట్టీవే!" అని అరిచింది. ఒళ్లో పిక్కలన్నీ అక్కడే ఒలికిపోయాయి. నేను వెనక్కి చూడలేదు. ఇంటికొచ్చి ధాన్యం బస్తాల వెనక నక్కాను.

అరుపులు విని మగవాళ్లు కర్రలతో, రేకు డబ్బాలతో వెళ్లి ఎలుగును తరిమారు. అత్త తల కుడివైపు తోలు జుట్టుతో సహా ఊడి వేలాడుతోందట. ఎవరిదో తువ్వాలు బిగించి కట్టి, మంచం మీద రోడ్డు దాకా మోసి, లారీ ఎక్కించి విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు.

"అది అక్కడికెందుకెల్లినాదే?" అని నాన్నమ్మ ఏడుస్తూ నన్నడిగింది.

"పిక్కలకి ఎల్లినాది" అన్నాను.

రెండే ముక్కలు. అత్త చుట్టూ పిక్కలు పడి ఉండడం అందరూ చూశారు. నమ్మడానికి అది చాలింది.

అత్త తిరిగొచ్చేసరికి ఊళ్లో వరి నాట్లు అయిపోయాయి. ఈలోగా ఆమెకు పిక్కలమ్మ అని పేరు పడిపోయింది. రిక్షా దిగి నాలుగడుగులు వేసేలోపే ఆ పేరు ఆమె చెవిన పడింది. నేను తలుపు వెనక నిలబడి, ఇంక అయిపోయింది నా పని అనుకున్నాను. అత్త నన్నేమీ అడగలేదు. "దువ్వెనా, కొబ్బరినూనే అట్టుకురా. నా సెయ్యి పైకి లెగట్లేదు. ఇంకనించి నువ్వే దువ్వాల" అంది.

మొదటిరోజు అత్త ముసుగు తీసింది. దెబ్బ తగిలింది కుడివైపైతే, ఎడమవైపు అరచేయంత మేర నున్నగా, కాగితంలా పలచటి తోలు. చుట్టూ కుట్ల గీతలు. నేను తల తిప్పేసుకుని దువ్వెన ఆడించాను.

"గోడకి జడేస్తన్నావేటే? ఇటు సూడు" అంది అత్త.

చూశాను. అప్పుడు చెప్పుకొచ్చింది. ఊడిన తోలు మట్టి పట్టి చెడిపోయిందట. ఎముక బయటపడింది. "ఉత్త ఎముక మీద తొడ తోలు అంటుకోదంట. అందుకని ఇటేపు జుట్టున్న తోలు కోసి, మొదలు తెంపకుండా, అటు తిప్పి ఎముకని కప్పీసినారు. కాళీ అయిన సోట తొడ తోలు అతికినారు. సిరిగిన రైకకి మాసికేసినట్టే అనుకో. దీనికి సెమట పట్టదు, జుట్టు మొలవదు. నూనె రాస్తే పగలకుండా ఉంటాదంట" అంది. ఆ తోలు మీద మెల్లిగా నూనె రాయడం, మిగిలిన జుట్టు దాని మీదికి వచ్చేలా పాపిడి తీయడం నాకు నేర్పింది. రోజూ అదే పని. రోజూ నా ముందు ఆ తల. లేవదన్న ఆ చేత్తోనే అత్త బావిలోంచి నీళ్లు తోడడం ఒకసారి కంటబడింది. అయినా దువ్వెన నా చేతికే ఇచ్చేది.

ఒకనాడు నేను అత్త తల దువ్వుతుంటే పక్కింటి పెద్దమ్మ గుమ్మంలో నిలబడి, "ఏటే పిక్కలమ్మా, వొచ్చే ఏడు కూడా షావుకారి తోటకి ఎల్తావేటి?" అని నవ్వింది. అత్త కూడా నవ్వబోయింది. ఆ నవ్వు చూశాక నేను ఊరుకోలేకపోయాను.

"అత్త పిక్కలకి ఎల్లలేదు. నేనెల్లినాను. నా కోసం వొచ్చింది" అన్నాను. లోపల వంట చేస్తున్న నాన్నమ్మ గరిటతోనే బయటికొచ్చింది.

అత్త మాత్రం తల కదపలేదు. "సాల్లేవే, పాపిడి వంకరొస్తంది, సూసుకొని దువ్వు" అంది. వాళ్లు వెళ్లాక అడిగాను, నువ్వే ఎందుకు చెప్పలేదత్తా అని. "నువ్వు సెప్తావని సూసినాను" అంది. అంతే. కొట్టి ఉంటే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో.

నిజం ఆ గుమ్మం దాటి ఎంతో దూరం పోలేదు. అత్త పోయేదాకా పిక్కలమ్మే. పోయిన రోజున ఆఖరిసారి నేనే తలకి నూనె రాసి పాపిడి తీశాను. వీధిలో ఎవరో "ఎవులు పోనారు?" అంటే, "పిక్కలమ్మ" అన్నారింకెవరో. నూనె చేతులతోనే బయటికి వెళ్లాను.

ఇప్పుడు నేనూ ముసలిదాన్నే. మా ఊళ్లో ఇప్పటికీ ఎవరైనా మా ఇల్లు పిక్కలమ్మ ఇల్లని చెప్తుంటే, చేస్తున్న పని ఆపి లేచి వెళ్తాను. ఆ రోజు వీధిలో అన్న మాటే అంటాను: "ఆ పిక్కలు నావి బాబూ."