దొంగజేబు చూశారా?

మూతలాయన పొద్దున ఆఫీసుకు రాగానే చేసే మొదటి పని టీ ఫ్లాస్కు మూత తీసి లోపలికి తొంగిచూడటం. మూత ఉన్న ఏ వస్తువునూ ఆయన నమ్మడు. ఒకసారి నిప్పార్పే సిలిండర్‌నూ అలాగే పరీక్షించాడు. లోపల సరుకు నిండుగానే ఉంది. ఆ మధ్యాహ్నం అందరూ నురగలో కూర్చుని పనిచేశారు.

ప్రోగ్రాములు రాయడంలో మాత్రం చెయ్యి తిరిగినవాడు. అందుకే టీమ్ లీడరమ్మ భరిస్తోంది.

ఆసుపత్రి మార్చురీకి వాళ్లొక వెబ్ అప్లికేషన్ రాశారు. అందులో మృతుడి వివరాలు, వాటి లోపల బంధువు వివరాలు, వాటి లోపల ఫోన్ నంబరు. సిస్టమ్ పైపైన చూసి, బంధువు గడి ఉంది కదా అని సరేననేది. గడి లోపల నంబరు లేక ఎవరికీ కబురు అందకపోతే, సాయంత్రం అనాథ శవాల వ్యాను వచ్చి శవాన్ని తీసుకుపోయేది.

"డబ్బా ఉంటే సరా తల్లీ? డబ్బాలో ఏముంది?" అని మూతలాయన సొంతంగా ఒక తనిఖీ రాసిపెట్టాడు. నంబరు లేకపోతే తెర మీద ప్రశ్న: "చొక్కా జేబు చూశారా?" ఆ తర్వాత, "ప్యాంటు జేబులు?" ఆపైన, "దొంగజేబు?" ఏం దొరికిందో రాస్తేగాని కదలదు.

ఆసుపత్రి మండిపడింది. సాయంత్రంలోగా అది తీసేయకపోతే కాంట్రాక్టు రద్దు.

"కొంప ముంచారు గురువుగారూ! శవాల జేబులు వెతకమంటారా?" అంది టీమ్ లీడరమ్మ.

"వాళ్లకు కష్టమైతే నేనెళ్లి వెతుకుతా."

"మీరు వెళ్తే అక్కడి సొరుగులన్నీ తెరుస్తారు. కదలకండి."

క్షమాపణ చెప్పుకోవడానికి ఆమే వెళ్లింది. ఫినాయిల్ వాసన, ఎముకలు కొరికే చలి. బల్ల మీద, మొన్న బస్టాండులో కుప్పకూలిన ముసలాయన. బయట వ్యాను సిద్ధంగా ఉంది.

"చూడండమ్మా మీవాడి వేళాకోళం!" అన్నాడు అటెండరు. "ఇన్నేళ్లలో ఒక్క శవమూ నన్నిన్ని ప్రశ్నలడగలేదు."

"ఈ ఒక్కటీ కానివ్వండి. తీయించేస్తాను."

అతను గొణుగుతూ కోటు దొంగజేబులో చెయ్యి పెట్టాడు. మెత్తటి సంచిలో ఆడవాళ్ల కళ్లద్దాలు. సంచి మీద షాపు నంబరు. ఆమె ఫోన్ చేసి ఆ కళ్లద్దాల సంగతి అడిగింది.

"బాగుచేసి మొన్ననే ఇచ్చేశానండీ," అన్నాడు షాపాయన. "వాళ్లావిడ ఒకటే ఫోన్లు, మా ఆయన ఇంకా రాలేదేమని. ఇంతకీ ఎక్కడున్నాడు?"

అటెండరే ఫోను అందుకుని చెప్పాడు. తర్వాత బయటికెళ్లి వ్యానును పొమ్మన్నాడు.

ముసలావిడ గోడ పట్టుకుని వచ్చింది. అటెండరు ఇచ్చిన కళ్లద్దాలు పెట్టుకుని చూసి, ఆయనేనంది.

"చేతికిచ్చిందల్లా పారేసుకొచ్చే మనిషి. ఇవి మాత్రం పదిలంగా దాచాడు. ఎలా పట్టుకున్నారు నాయనా?"

"మా దగ్గరొక పిచ్చాయన ఉన్నాడులే అమ్మా," అన్నాడు అటెండరు.

టీమ్ లీడరమ్మ ఆఫీసుకు ఫోన్ చేసింది. "గురువుగారూ, ఆ తనిఖీ..."

"తీసేస్తున్నా తల్లీ, ఒక్క నిమిషం."

"ముట్టుకోకండి! ఆసుపత్రివాళ్లతో నేను మాట్లాడతా."

అటెండరు ఫోను లాక్కున్నాడు. "ఏమయ్యా పెద్దమనిషీ, బూట్ల లోపలి సంగతి రాయలేదేం? అక్కడ దాచుకునేవాళ్లు లేరా?"

మర్నాటికి ప్రశ్నలు నాలుగయ్యాయి.