వరి, చోడి, ఒక వరస

భవానీపూర్‌లో బస్సెక్కి, ఒళ్లో నా పరిశోధన పటం పరుచుకున్నాను. దాని అంచున పెన్సిల్‌తో రాసుకున్న ‘వరి’, ‘రాగి’ అన్న తెలుగు మాటలు పక్కసీటు పెద్దాయన కంటబడ్డాయి. ఆయన మనవైపు నుంచే వచ్చి, ఇక్కడి ఓడరేవు డాకులో మూటలు మోసిన మనిషట.

“రాగి అంటే మా చోడే కదా. ఈ గీతలేటి బాబూ?”

చెప్పాను. రెండు పైర్లూ ఏనాడో ఒకే మొక్క నుంచి విడిపోయాయి. ఎడమ నిలువుగీత మీద వరి జన్యువులు, కుడిదాని మీద రాగివి. రెండింట్లోనూ ఒకేలా ఉన్నవాటిని అడ్డగీతలతో కలిపాను.

“విడిపోయినా వరస మాత్రం చాలావరకు మారలేదండీ.”

గీతలు ఒకదాన్నొకటి దాటుకున్న చోట ఆయన వేలు ఆగింది.

“ఇక్కడ తిరగబడిందేటి?”

“ఆ ముక్క విరిగి తలకిందులుగా అతుక్కుంది. జన్యువులు అవే.”

పటం మీంచి వేలు తియ్యలేదు.

“మా అన్నా నేనూ యూనియన్ గొడవల్లో విడిపోనాం. ఇరవయ్యేళ్లు మాటల్నేవు. పొద్దున్న పోనాడు. పిల్లల్నేరు. కొరివెట్టడానికి నాకింకా వరసున్నట్టేనా బాబూ?”

నేనన్నది జన్యువులు పేర్చి ఉన్న తీరు గురించి. ఆయనకు చుట్టరికంగా వినబడింది. సరిదిద్దలేదు. “ఉన్నట్టేనండీ” అన్నాను.

ఆ వేలు ఒక అడ్డగీత వెంట వరి నుంచి రాగి దాకా నెమ్మదిగా నడిచింది.

“ఈ మాట నిన్న సెప్పుంటే బాగుణ్ణు బాబూ” అని, మెటియాబ్రుజ్‌లో దిగిపోయాడు.

తరవాత ఆ పటం గురించి తెలుగులో వ్యాసం రాశాను. అంతటా ‘క్రమం’ అనే వాడాను. ‘వరస’ అని రాయడానికి చెయ్యి రాలేదు.