మదురై బస్సులోంచి విసిరిన సీసా

మదురై మాట్టుతావణి బస్టాండులో బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చున్న ఒక పెద్దాయనకూ ఆయన భార్యకూ పక్కన మూడోవాణ్ణయ్యాను. నేను ఫోన్లో తెలుగు మాట్లాడటం విని ఆయన మొహం వెలిగిపోయింది. వాళ్లది ఇంకా దక్షిణాన నల్లరేగడి పల్లె. ఎన్నో తరాలుగా అక్కడే సేద్యం చేస్తున్నా ఇంట్లో తెలుగేనట.

చాలాదూరం పోయాక పొలాల్లో గాలిమరలు కనిపించాయి.

"చూస్తిరా మా కాత్తాడులు? గాలితో కరెంటు! పొగ లేదు, బూడిద లేదు. ఇందులో లోకమంతా మన దేశం వెనకాలే రావాల!" అంటూ ఆయన ఖాళీ నీళ్ల సీసాను కిటికీలోంచి విసిరేశాడు.

"అయ్యయ్యో! నిరుత్తు, వండియె నిరుత్తు!" బండి ఆపమని ఆమె తమిళంలో అరిచిన అరుపుకి, ఎవరో పడిపోయారనుకుని డ్రైవరు బ్రేకు తొక్కాడు.

"దిగి తీసుకుని రండి," అంది భర్తతో. "లోకమంతా వెనకాల వస్తా ఉంటే కాలికి తగలదా ఆ సీసా?"

కండక్టరు ఏదో గొణగబోయి, ఆమె చూపు చూసి ఈల జేబులో పెట్టుకున్నాడు. బస్సంతా కిటికీల్లోంచి తొంగిచూస్తుండగా పెద్దాయన పంచె ఎగ్గట్టి రోడ్డు పక్క కాలవలోకి దిగాడు. వంగి వెతికాడు, మళ్లీ వెతికాడు. చివరికి చెమటలు కక్కుతూ వచ్చి ఒక సీసా ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది మనది కాదే. మనదానికి నీలం మూత."

ఆయన నావైపు చూడకుండా కూర్చున్నాడు.

"అక్కడ మనది ఏదో ఎట్ల తెలుస్తుందే? కాలవ నిండా అవే."