మామయ్య కూర్చున్న దూలం

ఎంటెక్‌లో నా ప్రాజెక్టు ఉక్కు దూలానికీ స్తంభానికీ మధ్య ఉండే అతుకు గురించి. ఆ అతుకు తలుపు బందులా తేలిగ్గా తిరుగుతుందనో, అసలు కదలదనో అనుకుని లెక్కలు వేస్తారు. నిజానికి బోల్టులతో బిగించిన అతుకు కొంత తిరుగుతుంది, కొంత పట్టి ఉంచుతుంది. ఆ కొంత ఎంతో తేల్చడమే నా పని.

హనుమకొండలో మా కాలేజీ ల్యాబులో నా వంతు ఇప్పట్లో వచ్చేలా లేదు. అందుకని వరంగల్‌లో ఇనుప దుకాణం నడిపే మా మేనమామను అడిగాను. ఆయన దుకాణం వెనక రెండు స్తంభాలూ, వాటి మధ్య సన్నటి దూలమూ నిలబెట్టించాడు. దూలం మీద పెట్టడానికి సిమెంటు బస్తాలు కావాలంటే మాత్రం నొచ్చుకున్నాడు.

"బస్తాలెందుకు బిడ్డా? నేను లేనా?"

దుకాణం కాంటా మీద ఆయన్ని తూచి, బరువు రాసుకున్నాను. స్టూలెక్కి దూలం మధ్యలో కూర్చున్నాడు. ఆ రోజు దూలాన్ని పక్కల మాత్రమే ఎల్ ఆకారపు యాంగిల్ ముక్కలతో స్తంభాలకు బిగించాం. అది ఎంత వంగిందో చూపే గేజీలో ముల్లు గిర్రున తిరిగింది.

"గంతగనం తిరిగిందేంది?"

"నీ బరువుకే మామా."

ఆయన మొహం చిన్నబోయింది. మర్నాటి నుంచి పొద్దున్నే కోట దాకా నడక మొదలుపెట్టాడు.

పది రోజుల తర్వాత దూలానికి పైనా కిందా కూడా యాంగిల్ ముక్కలు బిగించి, మళ్లీ ఆయన్ని ఎక్కించాను. ముల్లు సగం దూరంలోనే ఆగిపోయింది. నా ప్రాజెక్టు గట్టెక్కినట్టే! నేను నోరు తెరిచేలోపే మామయ్య దూలం మీద నుంచే అత్తయ్యను కేకేశాడు.

"చూసినవానే! సగానికి తగ్గిన!"

"కాదు మామా, అతుకు గట్టిపడ్డది. దూలం వంగకుండ స్తంభాలు పట్టుకున్నయ్."

"ఊకో. నా నడకను ఇనుప ముక్కలకు అంటగడ్తవా?"

అత్తయ్య కాంటా వైపు వేలు చూపించింది. మామయ్య దిగి ధీమాగా ఎక్కాడు. మొదటిసారి కన్నా రెండు కిలోలు ఎక్కువ.

"కాంటా ఖరాబైంది," అన్నాడు.

అప్పుడే ఇనుము తూయించుకుని పోతున్న ఒకాయన ఆగి, వెనక్కి తిరిగి చూశాడు.

"లే... లేదన్నా, మంచిగనే ఉన్నది," అని మామయ్య గబగబా కాంటా దిగాడు.

ఇనుము కొన్నాయన వెళ్లిపోయాక అత్తయ్య నిలదీస్తే, "కోట కాడ మిర్చి బజ్జీలు మస్తుంటయే," అని మెల్లగా ఒప్పుకున్నాడు. నేను ఆ రెండు కిలోలు కలుపుకుని లెక్కలన్నీ మళ్లీ వేశాను.