హెలెన్, నత్తనడక సర్వరు

హెలెన్ మాటకారి. రేపల్లె నుంచి తెనాలి వచ్చే పాసింజరులో ఆమె ఏ పెట్టె ఎక్కిందో నవ్వుల్ని బట్టే తెలిసిపోయేది. తెనాలిలో ఒక స్కానింగు సెంటరు కంప్యూటర్లన్నీ ఆమె అజమాయిషీలో ఉండేవి. బాపట్లలో, రేపల్లెలో ఆ సెంటరుకు శాఖలున్నాయి. అక్కడి స్కానుల నకళ్ళు రోజూ రాత్రిపూట తెనాలిలోని బ్యాకప్ సర్వరుకు చేరేవి.

ఆ వానాకాలం సర్వరు నత్తనడక పట్టింది. తెల్లారేసరికి ముగియాల్సిన బ్యాకప్ మధ్యాహ్నం దాకా సాగేది. ఈలోగా ఎవరి పాత స్కానైనా తీయబోతే తెరుచుకోదు. రోగులు బెంచీల మీద కూర్చుని విసుక్కునేవారు.

"కొత్త సర్వరు కొనేద్దామా అమ్మా?" అన్నారు యజమాని డాక్టరు పూర్ణచంద్రరావు.

"ఆగండి సార్. జబ్బేంటో తెలీకుండా మందు రాస్తే మీరే ఊరుకోరు కదండీ," అంది హెలెన్.

తీరా చూస్తే రెండు శాఖల బ్యాకప్‌లూ ఒకేసారి మొదలవుతున్నాయి. డిస్కులో రాసే ముల్లు బాపట్లది కాస్త రాసి, అవతలికి పరుగెత్తి రేపల్లెది కాస్త రాసి, మళ్ళీ ఇవతలికి! రాతకన్నా పరుగే ఎక్కువ. ఒకదాని తర్వాత ఒకటి పంపితే సరి. కానీ ముందెవరు?

"మాదే ముందు పోవాలి హెలెనక్కా. మాకు స్కానులెక్కువ," అని ఫోనులో పట్టుబట్టాడు బాపట్ల శాఖలో పనిచేసే శ్యామ్.

"సరేలే. మా ఊరు గనక రేపల్లెను వెనక పెడతా. లేకపోతే పక్షపాతమంటావు!"

కాస్త నయమైంది గాని రోగం కుదరలేదు. హెలెన్ ముఖం ముడుచుకుంది. రైల్లో పక్కన కూర్చునే నీరజ టీచరు, "ఏంటమ్మా, మౌనవ్రతమా?" అని కూడా అడిగింది.

చివరికి సర్వరు తనలో తాను రాసుకునే హెచ్చరికలు తిరగేస్తుంటే దొరికింది. వచ్చిన ఫైళ్ళను కాసేపు తన దగ్గర పోగుచేసి, డిస్కుకు ఒక్క ఊపున అందించే కార్డు ఒకటుంది. కరెంటు పోయినా ఆ పోగు చెదరకుండా దానికో బ్యాటరీ. అది ఎప్పుడు చచ్చిందో, చప్పుడు చేయకుండా చచ్చింది. అప్పట్నుంచి కార్డు భయపడి ఏదీ దాచుకోకుండా, వచ్చిన ముక్కను వచ్చినట్టే డిస్కు మీదికి తోస్తోంది.

"ఓసి నీ దుంపతెగ! బ్యాటరీయా?" అని హెలెన్ పైకే అనేసింది.

పాత మోడలు కావడంతో బ్యాటరీకి విజయవాడంతా గాలించాల్సి వచ్చింది. అది బిగించిన మర్నాడు ఆమె ఇంట్లో టిఫిన్ తింటుండగానే, బ్యాకప్ పూర్తయిందని ఫోనుకు కబురొచ్చింది.

ఆ నెలలోనే బాపట్ల శాఖలో డిస్కు పాడై, అక్కడి పాత స్కానులన్నీ పోయాయి. ఈపురుపాలెం నుంచి రాజమ్మ అనే పెద్దావిడ వచ్చి కూర్చుంది. పాత స్కానుతో పోల్చి చూస్తే గాని ఆమె ఒంట్లోని గడ్డ పెరిగిందో లేదో తేలదు. శ్యామ్ వెంటనే హెలెన్‌కు ఫోను చేశాడు. పగలు సర్వరు ఖాళీగానే ఉంది గనక హెలెన్ క్షణాల మీద ఫైలు వెతికి పంపింది.

కాసేపటికి శ్యామే మళ్ళీ ఫోను చేశాడు. "అక్కా, గడ్డ పెరగలేదంట! మామ్మ వీధి గుమ్మం దాకా నవ్వుకుంటూ పోయింది."