పురుగు ముట్టని ఆకు

బొద్దింక కనిపిస్తే చీపురు తిరగేసి, అది చచ్చేదాకా వదలని మనిషిని నేను. అలాంటిదాన్ని గుణదలలో మా ఇంటి వెనకగదిలో, ప్లాస్టిక్ టబ్బు నిండా బొద్దింకల్ని పెంచాను. ఏదో పడి ఉన్నాయిలే అన్నట్టు కాదు, పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టకముందే వాటికి మేత వేసేదాన్ని. ముందుగదిలో నా కుట్టుమిషను. ఈ సంగతి బయటికి పొక్కితే జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చేవాళ్లు ఒక్కరూ మళ్లీ గడప తొక్కరని భయం. అందుకే ఎవరికీ చెప్పలేదు, మా అత్తగారికి కూడా.

ఇదంతా మా అమ్మాయి పుణ్యం. పదో తరగతి అయ్యాక వాళ్ల నాన్నని కాకా పట్టి, బియర్డెడ్ డ్రాగన్ అనేదాన్ని తెప్పించుకుంది. కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయన్నాడు మా ఆయన, అదొక్కటే నాకు ఊరట. పేరుకి డ్రాగనే గానీ, మూరెడు పొడవు తొండ. కోపమొస్తే గొంతు కింద తోలు ఉబ్బించి నల్లగా చేసుకుంటుంది. మా అత్తగారు మొదటి రోజే దానికి 'గడ్డం తొండ' అని పేరు పెట్టేసి, ఇక అదుండే వెనకగదిలో అడుగు పెట్టలేదు.

ఆ తర్వాత పిల్లని రెసిడెన్షియల్ కాలేజీలో చేర్చాం. గేటు దగ్గర నా చెయ్యి వదలకుండా, "అమ్మా, నేనొచ్చేసరికి అది ఉండాలి" అంది. ఉంటుందిలేవే అన్నాను. ఆదివారం ఆదివారం ఐదు నిమిషాలు ఫోను ఇచ్చేవాళ్లు. ఎత్తగానే మొదటి మాట "తిందా?" అనే. నా గురించి కాదు, తొండ గురించి. నాకు ఒళ్లు మండేది. ఒకసారి ఉండబట్టలేక, "కన్నతల్లి తిందో లేదో అక్కర్లేదు గానీ" అని దెప్పాను. పిల్ల మెల్లిగా, "అది అక్కడ తింటోందంటేనే నేనిక్కడ ఉండగలుగుతున్నానమ్మా" అంది. ఆ రోజు నుంచీ ఆ తొండ నాకు తొండ కాదు. పిల్ల అక్కడ నిలబడాలంటే ఇది ఇక్కడ బతకాలి, అంతే.

దాని తిండే ఈ బొద్దింకలు. హనుమాన్ జంక్షన్‌లో కోళ్ల దాణా అమ్మే ఒకాయన తన కొట్టు వెనక వీటిని పెంచుతాడు. డుబియా అంటారట. "మన వంటింటి రకం కాదండీ, ఇవి మర్యాదస్తులు. నున్నటి గోడ ఎక్కవు, కంపు కొట్టవు, గుడ్లు ఎక్కడపడితే అక్కడ పెట్టవు, కడుపులోనే పొదిగి పిల్లల్ని కంటాయి" అని పెళ్లిసంబంధం చెప్పినట్టు చెప్పాడు. టబ్బులో కోడిగుడ్ల అట్టలు నిలబెట్టాను. దాణా, కేరట్ ముక్క, ఆకులు వేసేదాన్ని. మన బెజవాడ ఎండ వాటికి అచ్చొచ్చింది, నాలుగు నెలలు తిరక్కుండానే పిల్లాపాపలతో టబ్బు కళకళలాడింది. చెవి దగ్గర పెడితే ఎండుటాకుల్లా గలగల. అత్తగారు అడిగితే కుట్టగా మిగిలిన గుడ్డముక్కలని చెప్పాను.

మా అత్తగారు మైలవరం దగ్గర వ్యవసాయం చేసే ఇంట్లో పుట్టిన మనిషి. మా పుట్టింటివాళ్లు నేతవాళ్లు. చీరలో ఒక్క పోగు తెగినా పట్టేసే ఇంట్లో పెరిగాను నేను. రైతుబజారులో ఆకుకూరని కూడా అలాగే చూస్తాను. తెరిచీ తెరవకముందే వెళ్లి, ఆకాకూ తిరగేసి, ఒక్క చిల్లు కనపడినా పక్కన పడేస్తాను. అమ్మేవాళ్లకి నేనంటే హడలు. అలా ఒకనాడు నవనవలాడే కాలీఫ్లవర్ ఆకులు తెచ్చాను. పట్టుబట్టలా మెరిసిపోతున్నాయి, మచ్చుకి ఒక్క చిల్లు లేదు. కడిగి, ఆరబెట్టి మరీ టబ్బులో వేశాను. సాయంత్రం టబ్బులోంచి ఐదు బొద్దింకల్ని తీసి తొండకి పెట్టాను.

మర్నాడు టబ్బు మూత తీస్తే సగం వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటున్నాయి. మధ్యాహ్నానికి గలగల ఆగిపోయింది. అవి పోతే పోయాయి, తొండ కూడా కళ్లు మూసుకుని పడుకుంది. వేలు పెట్టి కదిపినా గడ్డం ఉబ్బించలేదు. అక్కడే కింద కూలబడి ఏడ్చేశాను.

తల ఎత్తేసరికి గుమ్మంలో మా అత్తగారు.

"ఏమ్మా, టబ్బులో గుడ్డముక్కలు చచ్చిపోయాయా?" అన్నారు.

ఆవిడ లోపలికొచ్చి టబ్బులోకి వంగి చూశారు. "ఏం పెట్టావు వీటికి?" అన్నారు. మిగిలిన ఆకు తెచ్చిచ్చాను. కిటికీ వెలుగులో ఇటూ అటూ తిప్పి చూసి నా మొహం వంక చూశారు.

"పురుగు ముట్టని ఆకు తెచ్చి పురుగులకి పెట్టావా అమ్మాయ్?"

"మంచి ఆకని తెచ్చానత్తయ్యా."

"మంచిదో కాదో మనకంటే పురుక్కి బాగా తెలుసే. మా ఊళ్లో అమ్మే మడి వేరు, తినే మడి వేరు. అమ్మేదానికి మందు మీద మందు కొడతారు, లేకపోతే నీలాంటివాళ్లు కొనరుగా. తినేదానికి బూడిద చల్లి ఊరుకుంటాం. చిల్లులు చూసుకుని కోసుకునేవాళ్లం. ఇన్నాళ్లూ మనం కూడా ఇదే తింటున్నామన్నమాట, ఖర్మ!"

నేను తలొంచుకున్నాను. ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ మాటకి ఎదురు చెప్పకుండా ఉన్నది బహుశా అదే మొదటిసారి.

తొండని చెప్పులపెట్టెలో పెట్టుకుని ఆటోలో పశువుల డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. "నేను చూసేది గేదెల్ని, కుక్కల్ని అమ్మా, ఇది నాకు తెలీదు" అన్నాడాయన. నా మొహం చూసి ఏమనుకున్నాడో, తెలిసిన ఇంకో డాక్టరుకి ఫోన్ చేసి, అవతల ఆయన చెప్పిందంతా తన చేత్తోనే కాగితం మీద రాసిచ్చాడు. గోరువెచ్చటి నీళ్లలో కాసేపు ఉంచాలి, చుక్కచుక్కగా నీళ్లు పట్టాలి, వెచ్చగా పడుకోబెట్టాలి, ఆకలి తెచ్చుకునేదాకా బలవంతంగా తినిపించకూడదు. ఆ కాగితం ఇప్పటికీ నా మిషను సొరుగులోనే ఉంది.

హనుమాన్ జంక్షన్ ఆయనకి ఫోన్లో సంగతి చెబితే, ఎప్పుడొస్తారని మాత్రమే అడిగాడు. వెళ్తే చిన్న డబ్బా నిండా బొద్దింకల్ని పెట్టి ఉంచాడు. పర్సు తియ్యబోతే, "పెరుగు తోడుకి ఎవరన్నా డబ్బులు తీసుకుంటారా అండీ? ఇదీ తోడే అనుకోండి" అన్నాడు. నేను తిరిగొచ్చేసరికి ఇంటికి తాళం. మా అత్తగారు మోకాళ్ల నొప్పులతో బస్సెక్కి పుట్టింటికి వెళ్లారట. సాయంత్రానికి సంచీ నిండా ఆకులతో దిగారు. తమ్ముడి పెరట్లోవి. జల్లెడలా చిల్లులే చిల్లులు. నా జన్మలో అంత అందమైన ఆకు చూళ్లేదు.

తర్వాత మేమిద్దరం వంతులు వేసుకున్నాం. నేను జాకెట్లు కుడుతుంటే ఆవిడ ఒళ్లో పాత తువ్వాలు పరిచి, తొండని పడుకోబెట్టి, నోటి పక్కన చుక్కలు వేసేవారు. "తాగవే తల్లీ, నీమీద ఇంత భారం పెట్టి వెళ్లింది పిల్ల" అని దానికి చెప్పేవారు.

ఆదివారం ఫోను మోగింది. "తిందా?"

తింది అని అబద్ధం చెబుదామని నోరు తెరిచాను. మా అత్తగారు నా చేతిలోంచి ఫోను లాక్కున్నారు. "తినలేదమ్మా. మీ అమ్మ తెలియక మందు కొట్టిన ఆకు పెట్టింది. నీళ్లు తాగుతోంది. నా ఒళ్లోనే ఉంది. ఏం జరిగినా నీకు దాచం."

అటునుంచి ఏడుపు వినపడింది. తర్వాత, "నాన్నమ్మా, నువ్వు దాన్ని ఎత్తుకున్నావా?" అంది.

"ఎత్తుకోక? నిన్నెత్తుకోలేదూ?"

ఆ వచ్చే శనివారం తొండ తలెత్తి టబ్బు వైపు చూసింది. నేను పట్టకారు కోసం వెతుకుతుంటే, శనివారం ఒంటిపూట ఉండే మా అత్తగారు, ఉల్లిపాయ కూడా ముట్టని మనిషి, ఉత్త చేత్తో ఒక బొద్దింకని పట్టుకుని దాని ముందు పెట్టారు. "దానికి శనివారం ఏముందిలే" అన్నారు. తొండ ఒక కన్ను పూర్తిగా తెరిచింది. నాలుక చాచింది. కరకరమని నమిలింది. అప్పడం నమిలితే ఎంత హాయిగా ఉంటుందో అంత హాయిగా వినపడింది నాకు.

మర్నాడు ఫోనులో "తిందే!" అని అరిచాను. పిల్ల నవ్వింది. నవ్వి, ఎన్నడూ లేంది, "నువ్వు తిన్నావా అమ్మా?" అని అడిగింది.

తర్వాతి శుక్రవారం మా అత్తగారు ఎప్పట్లాగే ఇల్లంతా సాంబ్రాణి పొగ వేస్తున్నారు. నేను బట్ట కత్తిరిస్తూ ఊరికే తలతిప్పి చూశాను. వెనకగది దాకా వచ్చి, ధూపం పాత్ర దూరంగా కింద పెట్టారు. గది తలుపు దగ్గరగా మూశారు. కింది సందులో తడిగుడ్డ దోపడానికి నడుం పట్టుకుని వంగుతున్నారు.

"అదేంటత్తయ్యా, ఆ గదికి పొగ వెయ్యరా?"

"నాలుగు నెలల్నుంచీ వెయ్యట్లేదుగా. పురుగులకి పొగ పడుతుందా?"

కత్తెర నా చేతిలో ఆగిపోయింది. "గుడ్డముక్కలని చెప్పానుగా మీకు!"

"చెప్పావు. గుడ్డముక్కలు గలగలమంటాయేంటే, నా చెవులకేమన్నా రోగమా?"

"మరి తెలిసీ ఎందుకు ఊరుకున్నారు?"

"పిల్ల వారం వారం తిందా తిందా అని అడుగుతోందిగా. అది తినాలంటే ఇవి బతకాలిగా" అన్నారు, ఇందులో చెప్పడానికేముందన్నట్టు.

ఆ పూట నేను తలతిప్పి చూడకపోయుంటే, ఆవిడ ఇంకెన్ని శుక్రవారాలు అలా వంగి లేచేవారో, నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. అత్తగారన్న మనిషికి నేనింత రుణపడతానని కలలో కూడా అనుకోలేదు. పెళ్లయి ఇన్నేళ్లలో ఆవిడకి ఒక్క మంచిమాట చెప్పలేదు. కత్తెర పక్కన పెట్టి ఆవిడ వంకే చూస్తూ నిలబడ్డాను.

"అట్లా గుడ్లప్పగించి చూస్తావేంటి? నడుం వంగట్లేదు, నువ్వు దోపు" అన్నారు. వెళ్లి, ఆవిడ చేతిలోని తడిగుడ్డ తీసుకుని, సందు లేకుండా దోపాను.